ఈశాన్య ఋతుపవనమున సైకిలు యాత్ర
(జలదంకిలో చేసిన ఉపన్యాసము)

కార్తికమాసమున జలదంకినుండి ఉదయగిరికి గుంపుగా సైకిళ్ళపై పోయి, అచ్చటి దుర్గము నీడను వనభోజనము చేసి మరలి రావలెనని ఈ గ్రామపు యువకులును ఉపాధ్యాయులును సంకల్పించుకొని, వానకాలమున అట్టి యాత్రను ఎట్లు నడుపవలెనో నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిరి. సైకిలు త్రొక్కుట మీకు నేర్పవలసిన పని కాదు. పదునైదుగురిని, ఇరువదిమందిని వెంటబెట్టుకొని, నిలుకడలేని ఆకాశము క్రింద దినమంతయు దారిలో నుండుట మాత్రము వేఱు విద్య. ఆ విద్యనుగూర్చియే మాటలాడెదను.

మన కావ్యములలో శరదృతువు యాత్రాకాలము. మేఘములు తెల్లబడి, ఏరులు తేటపడి, దారులలోని బురద ఆరిపోగా రాజులు దండయాత్రలకును, వర్తకులు దూరదేశములకును బయలుదేరుదురని కవులు వర్ణించిరి. ఆ వర్ణన గంగాతీరమునకు తగినదే గాని నెల్లూరుసీమకు తగినది కాదు. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు వీచు నైరుతి ఋతుపవనము తన నీటిలో చాలభాగమును పడమటి కనుమలకు ఆవలనే దిగవిడిచి, వెలిగొండలు దాటి మనలను చేరునప్పటికి బలహీనమై పోవును. గాలి దిశ మాఱి, బంగాళాఖాతముమీదినుండి ఈశాన్యపు గాలి తిరిగిన పిమ్మటనే మన చెరువులలోనికి నీరు వచ్చును. ఏటేట జిల్లాలో కురియు వర్షమున సగమునకు మించిన భాగము అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలోనే కురియును. తక్కిన దేశమునకు వాన వెలిసిన కాలము మనకు వాన మొదలైన కాలమగుచున్నది. మీరెన్నుకొన్న కార్తికము సరిగా దాని నడుమ పడినది.

ఈ సంగతి మన రైతులకు తెలియనిది కాదు. అక్టోబరు 10 ప్రాంతమున చిత్తకార్తె, 24 ప్రాంతమున స్వాతి, నవంబరు 6 ప్రాంతమున విశాఖ, 19 ప్రాంతమున అనూరాధ ప్రవేశించునని వారు వ్రేళ్ళపై లెక్కించి చెప్పుదురు. నారుమళ్ళును, విత్తనములును ఆ లెక్కమీదనే నడచుచున్నవి. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున కోష్ఠాగారము ముందఱ ఒక అరత్ని వెడల్పు మూతిగల పాత్రనుంచి వర్షమును కొలువవలెనని విధించెను. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భములకును వర్షప్రమాణములకును అధ్యాయములనే కేటాయించెను. అయితే ఏ కార్తెలో వాన పడుననుట ఒక జ్ఞానము, ఏ దినమున ఏ జామున పడుననుట మఱియొక జ్ఞానము. మొదటిదానితో పంట వేయవచ్చును గాని, రెండవది లేనిదే యాత్ర చేయరాదు. వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికెఱుక అని పెద్దలు చెప్పిన మాట ఈ రెండవదానికే చెందును. నేడు ఆ రాకడ కొంత తెలియుచున్నది. ఎంత తెలియుచున్నదో, ఎంతతో నిలిచిపోవుచున్నదో గ్రహించుటయే మనకు ముఖ్యము.

వాతావరణశాఖవారి ప్రకటన విని చాలమంది ఒక పొరపాటు పడుచున్నారు. ‘ఒకటి రెండు చోట్ల’ వర్షము పడునన్నచో, ఆ ప్రాంతములోని వర్షమాపక కేంద్రములలో నాలుగవవంతుకు మించకుండ పడునని అర్థము. ‘కొన్ని చోట్ల’ అన్నచో సగము వఱకును, ‘చాల చోట్ల’ అన్నచో ముప్పాతిక వఱకును, అంతకు పైబడినచో దాదాపు అన్ని చోట్లను అని వారి పరిభాష. ఆ ఒకటి రెండు చోట్లలో మీ దారిలోని కలిగిరి ఒకటి కావచ్చును, కాకపోవచ్చును. ‘భారీ వర్ష’మను మాటకును కొలత కలదు: ఇరువదినాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలుకొని 115.5 వఱకు భారీ; అటుపై 204.4 వఱకు అతిభారీ. సముద్రముమీద అల్పపీడనము ఏర్పడిన నాడు అప్రమత్తులు కావలెను. అది వాయుగుండమైనచో, ఆ వారము యాత్ర లేదని ఎవరిని అడుగకయే ప్రకటింపవలెను. 1989 నవంబరులో థాయ్‌లాండు సింధుశాఖలో పుట్టి, భూకంఠమును దాటి, బంగాళాఖాతమంతయు నడచి వచ్చిన తుఫాను మన కావలి దగ్గఱనే తీరము దాటినది. దానిని కన్నులార చూచిన పెద్దలు ఈ సభలో నుందురు గనుక ఆ విషయమును నేను విస్తరింపను.

వారము ముందు చెప్పిన జోస్యముతో తేదీని నిర్ణయింపరాదు. అప్పుడు చేయదగినది రెండు తేదీలను వేఱుగా నుంచుకొనుట మాత్రమే. మూడు దినముల ముందటి ప్రకటనతో ఆ రెంటిలో ఒకదానివైపు మొగ్గవచ్చును. ముందటి సాయంకాలమున నిశ్చయము. తెల్లవారుజామున మఱల ఒకసారి శ్రీహరికోటలోనో, చెన్నపట్టణములోనో నున్న డాప్లరు రాడారు చిత్రమును సెల్‌ఫోనులో చూచి, మూడు గంటల వఱకు వర్తించు తక్షణ సూచనను చదివి, అప్పుడే పెడలుమీద కాలు పెట్టవలెను. రాడారు పడుచున్న వానను చూపును గాని, పడబోవు వానను చూపదు. కావున ఒక్కసారి చూచినంత చాలదు. ఆ చిత్రములో వానను చూపు ఎఱ్ఱమచ్చలు ఎటు కదలుచున్నవో తెలియవలెనన్నచో పావుగంట వ్యవధితో రెండు మూడు సారులు చూడవలెను.

వానకంటె ముందు గాలి సంగతి చెప్పవలసియున్నది. జలదంకికి ఉదయగిరి ఇంచుమించు నేరుగా పడమట నున్నది. కలిగిరి, వింజమూరు, దుత్తలూరు మీదుగా మీరు పోవు దారి మొత్తమున అటే సాగును. కార్తికమున వీచునది ఈశాన్యపు గాలి. పోవునప్పుడది మీ వెనుకనుండి త్రోయును. ప్రతివాడును తన బలము నేడు పెరిగినదని భ్రమపడి, పాటలు పాడుకొనుచు వింజమూరు చేరును. మరలునప్పుడు అదే గాలి ఎదురగును. లెక్కకొఱకు గాలి సరిగా వీపునకే తగులుచున్నదనియు, దాని వేగము గంటకు 10 కిలోమీటర్లనియు, మీ సైకిలు వేగము 20 అనియు అనుకొందము. పోవునప్పుడు మీ మేనికి తగులు గాలి 10; వచ్చునప్పుడు 30. గాలి నిరోధము వేగవర్గము ననుసరించి పెరుగును గనుక, అదే వేగమున వచ్చుటకు తొమ్మిది రెట్లు నిరోధమును ఎదుర్కొనవలెను. ఉదయమున ఉత్సాహముగా ముందు నడచిన పదునాఱేండ్ల బాలుడు సాయంకాలమున కలిగిరి దగ్గఱ ఏల కూలబడునో ఈ లెక్క చెప్పుచున్నది. నవంబరు నడుమ మనకు ఉదయము 6:10 ప్రాంతమున తెల్లవారి, సాయంకాలము 5:40 ప్రాంతమున ప్రొద్దు గ్రుంకును. పోవుటకును మరలుటకును ఈ పగటివెలుతురు చాలదని నా నిశ్చితాభిప్రాయము. ఉదయగిరిలో రాత్రి మకాము చేయుడు; లేదా సైకిళ్ళను వాహనముమీద వేసికొని రండు. ఈ రెంటిలో ఒకటి సమకూడని పక్షమున, వింజమూరే మీ గమ్యము కావలెను.

ఇంతకంటె దూరము త్రొక్కువారు లేరా అందురేమో. పారిస్ నగరమునుండి బ్రెస్టు వఱకు పోయి మరలు 1200 కిలోమీటర్ల యాత్రను 90 గంటలలో ముగించు సాహసులు లోకమున కలరు. ఆ సంప్రదాయమునే అనుసరించి మన హైదరాబాదులోను, తక్కిన నగరములలోను 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో త్రొక్కువారు కలరు. వారు వానకు ఆగరు. అయితే వారి నియమమున ఎవరి భారము వారిదే. మీ యాత్రలో బడిపిల్లలున్నారు, ఏబదియేండ్లు దాటినవారున్నారు. కావున వారి ధైర్యమును మెచ్చుకొనుడు, వారి పద్ధతిని తెచ్చుకొనకుడు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఈ మెట్టసీమలో నెత్తిన పడు వాన మనుష్యుని చంపదు. దారికి అడ్డముగా పాఱు నీరు చంపును. మన దారులలో వాగులకు ఎత్తైన వంతెనలు కట్టిన చోట్లును కలవు, చప్టాలతో సరిపెట్టిన చోట్లును కలవు. వెలిగొండలమీద రాత్రి కురిసిన వాన పిల్లాపేరులోనికిని, ఆత్మకూరు వైపైనచో బొగ్గేరు, బీరాపేరులలోనికిని, వాటిలో చేరు పేరులేని వాగులలోనికిని దిగి, మఱునాడు ఎండ కాయుచున్న వేళ చప్టామీదికి వచ్చును. పైన నీలాకాశము, క్రింద ఎఱ్ఱనీరు. చూచువాడు ఆకాశమును నమ్మును. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగిన వార్త మీరెఱుగుదురు. ఎగువ కొండలలో అప్పుడు పడిన వానల నీరే పెన్నలో దిగి, సోమశిల దాటివచ్చి, కోవూరు దగ్గఱ జాతీయ రహదారిని కోసి, పడుగుపాడు దగ్గఱ రైలుకట్టను దెబ్బతీసినది. నీరు ఎక్కడ పడినదో, ఎక్కడికి వచ్చినదో, ఆ రెంటికిని నడుమ దూరమెంతయో ఆలోచించి చూడుడు.

చప్టా దగ్గఱ చేయవలసినది ఇది. సైకిలు దిగి, అంచున నాటిన రాళ్ళను చూడవలెను. రాళ్ళ తలలు కనబడుచున్నవా? ఆ పిమ్మట నీటిలో కొట్టుకొనివచ్చు పుల్లనో ఆకునో చూచి వడి కనిపెట్టవలెను. కదలని నీరు పిక్కలలోతైన దాటవచ్చును. వడిగల నీరు చీలమండలు దాటినచో దాటరాదు. మురికినీటి క్రింద చప్టా పలక విఱిగియున్నను కన్నులకు తెలియదు, పాచి పట్టియున్నను తెలియదు. ఆవలిగట్టున నిలిచి ‘ఏమీ కాదు, రండి’ అని పిలుచు మోటారుసైకిలువాని మాట వినరాదు. వాని బండి బరువు వేఱు, మీ సైకిలు బరువు వేఱు. మీ ఊరివాడు గాక, ఆ వాగు ప్రక్కన పుట్టి పెరిగినవాడు చెప్పు మాట వినవలెను. గంటలో నీరు తీయునో, రేపటి వఱకు తీయదో అతనికి తెలియును.

ఇంక నిర్ణయము ఎవరిది? సభ చేసి, చేతులెత్తించి నిర్ణయించు పని కాదిది. వానలో తడిసి, ఆకలిగొని, తోడివారి యెదుట చులకన యగుదుమేమో అని వెఱచు మనస్సు సరిగా ఆలోచింపలేదు. మరలవలసిన గుర్తులను బయలుదేరకముందే, పొడిబట్టలతో కూర్చున్నప్పుడే వ్రాసికొనవలెను: ఇన్ని గంటలకు వింజమూరు చేరనిచో మరలుదుము, ఫలాని చప్టామీద నీరున్నచో మరలుదుము, ఉఱుము వినబడినచో ఆగుదుము. దారిలో ఆ కాగితమును చదువుట తప్ప వాదము ఉండరాదు. ముందుండువానికంటె చివర వచ్చువానికి అధికార మెక్కువ యుండవలెను. ఏలనన, గుంపులో అలసినవారెవరో, దగ్గుచున్నవారెవరో వానికి మాత్రమే కనబడును. ఆగుదమని ఏ ఒక్కరన్నను ఆగవలెను. పోదమని పదిమంది అన్నను పోనక్కఱలేదు. వెనుదిరిగిన వానిని ఆ దినమునగాని, ఆ తరువాతగాని ఎవ్వరును ఎత్తిపొడువరాదని ముందుగా మాట తీసికొనుడు.

నేను గమనించిన మఱియొక సంగతి కలదు. మనుష్యులను వాగులోనికి దింపునది సాహసము కంటె బయానాయే. ఉదయగిరిలో ఇరువదిమందికి భోజనము చెప్పి, సొమ్ము చెల్లించి యున్నారు. పోనిచో అన్నము పాడగును, డబ్బు పోవును. ఈ ఒక్క ఆలోచన ఎందఱి వివేకమునో హరించినది. కావున భోజనశాలవారితో ముందే మాటలాడి, వింజమూరు చేరి ఫోను చేసిన పిదపనే పొయ్యిమీద ఎసరు పెట్టుడని ఒప్పించుడు. వారును మన మెట్టవారే. వానసంగతి తెలిసినవారు, కాదనరు. ఇంక తేదీ జారిపోవునను దిగులు కలవారికి ఒక మాట. కృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించి, ఆ దుర్గము లొంగుటకు ఇంచుమించు ఏడాదిన్నర కాచుకొనెను. మనము ఒక వారము కాచుకొనవచ్చును.

సామగ్రినిగూర్చి క్లుప్తముగా చెప్పెదను. వానలో పంక్చరు తఱచుగా పడును. తడిసిన టైరుకు ఇసుకయు, సర్కారుతుమ్మ ముల్లును అంటుకొని, చక్రము తిరిగినకొలది లోనికి దిగును. ట్యూబును గీకి, సొల్యూషను పూసి, ముక్క అంటించు మన అలవాటు వానలో పనికిరాదు. ఒక్క నీటిబొట్టు తగిలినను ముక్క పట్టదు. కావున తలకొక క్రొత్త ట్యూబు, నలుగురికొక పంపు ఉండవలెను. తీసిన ట్యూబును రాత్రి మకాములో ఆరబెట్టి అతుకుకొనవచ్చును. బ్రేకులు తడిసినప్పుడు ఆలస్యముగా పట్టును గనుక సైకిలుకు సైకిలుకు నడుమ మూడు నాలుగు బండ్ల ఎడముండవలెను. తొలిజల్లునకు తారురోడ్డుమీద నూనెజిడ్డు తేలును, మలుపులలో ఒరగకుడు. మెఱుపు కనబడిన పిమ్మట ఉఱుము వినబడు వఱకు లెక్కపెట్టుడు; మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు. ముప్పది లెక్కపెట్టులోపల ఉఱిమినచో పిడుగు మిమ్ము చేరదగినంత దగ్గఱ నున్నదని అర్థము. తాటిచెట్టు క్రిందికి పోకుడు. బడి వరండా చాలదు, గదిలోనికి పోవుడు. చివరి ఉఱుము తరువాత అరగంట ఆగి కదలుడు.

కావున యువకులతో నా మనవి ఇది. యాత్రకు పది దినముల ముందు మీలో ఇద్దఱు బస్సుమీద ఉదయగిరి వఱకు పోయి రండు. బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుండి, చప్టాలెన్ని, అవి ఏ మైలురాయి దగ్గఱ నున్నవి, వాటికి ఇరుప్రక్కల తల దాచుకొన బడియో, గుడిమంటపమో, బస్సుషెల్టరో ఎక్కడ నున్నది వ్రాసికొనుడు. ప్రతి వాగు దగ్గఱను దిగలేరు గాని, కలిగిరిలోను, దుత్తలూరులోను దిగి, టీ అంగడివారితో పరిచయము చేసికొని, యాత్రదినమున ఫోను చేసినచో నీరు చూచి చెప్పగలవారెవరో అడిగి వారి నంబరు తీసికొనుడు. తిరిగి వచ్చునప్పుడు ఉదయగిరి బజారులో కొయ్యగరిటెలు కొనుటకు సమయ ముండును. మీరు తెచ్చిన కాగితమును ఈ సభాధ్యక్షులవారి చేతికిచ్చి, రెండు తేదీలను దానిపై వ్రాయించుకొనుడు. మొదటి తేదీ విశాఖకార్తెలో, రెండవది అనూరాధలో పడునట్లు చూచుకొనుడు. ఆనాటికి చెరువులును నిండియుండును, వానకును వానకును నడుమ తెఱపియు కొంత దొరకును.