క్రెడిట్ కార్డు: అసలు, కొసరు

(మహాసభ రెండవనాటి యుదయమున గావింపబడిన ఉపన్యాసము)



మితవ్యయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకవర్గమువారు నన్ను ఆజ్ఞాపించిరి. మితవ్యయమును గూర్చి మన పెద్దలు చెప్పని మాట లేదు. కావున నేడు మన యిండ్లలో పర్సుపర్సునను చేరియున్న క్రెడిట్ కార్డును, దానివలన వచ్చు క్యాష్‌బ్యాకును గూర్చి విన్నవింప దలచితిని. ఇది ఇంత గొప్ప సభకు తగిన విషయమా యని కొందరు శంకింపవచ్చును. తుదివరకు విని పిదప తీర్పు చెప్ప ప్రార్థించుచున్నాను.

క్యాష్‌బ్యాకు అనగా మనము కొన్న వస్తువు వెలలో కొంత మరల మన ఖాతాకు జమయగుట. వర్తకము వృత్తిగా గల మనకు ఇది క్రొత్త కాదు. శేరు పప్పు కొన్నవానికి పిడికెడు కొసరు వేసి పంపుట మన తాతలనాటి ఆచారమే. అసలుకంటె కొసరు ముద్దను సామెత యెల్లరెరిగినదే. అయితే కొసరు వేయు వర్తకుడు దానిని ఎక్కడనుండి తెచ్చునో మనకు తెలియును. బ్యాంకు వేయు కొసరు ఎక్కడనుండి వచ్చుచున్నదో మనలో పెక్కుర మెరుగము. దానిని మొదట తెలిసికొనవలయును.

ఈ కార్డుల చరిత్ర దీర్ఘమైనది కాదు. 1950లో అమెరికాలో డైనర్స్ క్లబ్ అను సంస్థ భోజనశాలలలో చెల్లుబడి యగు కార్డును వెలువరించెను. 1986లో ఆ దేశముననే సియర్సు వర్తక సంస్థవారి డిస్కవర్ కార్డు, వాడినదానిపై కొంత సొమ్ము తిరిగి యిచ్చు పద్ధతిని ప్రజలలో వ్యాపింపజేసెను. మన యాంధ్రులును ఇందు వెనుకబడినవారు కారు. 1923లో మచిలీపట్టణమున డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టి, దేశమున ఈ విషయమందు ముందు నిలిచిన బ్యాంకులలో నొకటి యయ్యెను. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో విలీనమైనది.

ఇక కొసరునకు మూలమైన సొమ్ము మూడు త్రోవల వచ్చును. మొదటిది, కార్డుపై సరకు అమ్మిన వర్తకుడు చెల్లించు రుసుము. ఇది సాధారణముగ నూటికి 2 రూపాయల ప్రాంతమున నుండును. రెండవది, కార్డుదారులు కట్టు ఏటి రుసుము. మూడవది, అన్నిటికంటె బలమైనది, గడువునకు బాకీ తీర్పనివారు కట్టు వడ్డీ. గడువు తప్పనివాడు పొందు కొసరులో గడువు తప్పినవాని కన్నీరు కొంత కలసియున్నది. మనము ఈ రెండు వరుసలలో దేనియందు నిలుచుచున్నామన్నదే నేటి నా ప్రశ్న.

ఒక యుదాహరణము చెప్పెదను. మన విద్యార్థి వసతిగృహమున చదివి, హైదరాబాదున మంచి యుద్యోగమున చేరిన యువకు డొకడు కలడు. తన పేరు చెప్పక తన కథను సభలో చెప్పుటకు ఆతడే నాకు అనుమతి నొసగెను. అతడు క్యాష్‌బ్యాకు నాశించి మూడు కార్డులు తీసికొనెను. చెల్లెలి వివాహమునకు వలసిన బట్టలు, పాత్రలు, విందు సామగ్రి యంతయు వానిపైననే కొనెను. బాకీ 1,40,000 రూపాయలయ్యెను. నెలనెల బిల్లులో ‘చెల్లింపవలసిన కనీసపు మొత్తము’ అని యొక చిన్న అంకె కనబడుచుండును. అది సాధారణముగ బాకీలో నూటికి 5 వంతు. అతడు పదునొకండు నెలలు ఆ మొత్తమునే కట్టుచు వచ్చెను. తుదకు సంగతి తండ్రికి తెలిసి, ఆయన అంగడికి సరకు దింపుకొనుటకై దాచిన సొమ్ముతో బాకీ తీర్చెను. బిల్లులన్నియు ముందు వేసికొని నేనే కూడితిని. వచ్చిన క్యాష్‌బ్యాకు 5,200 రూపాయలు. వడ్డీయు దానిపై పన్నును కలిపి కట్టినది 68,000 రూపాయలకు పైబడెను. “బాబాయిగారూ, కనీసపు మొత్తము తప్పక కట్టితిని గదా, నేను బాకీ తప్పినవాడను కానని యనుకొంటిని” అని ఆతడు తల వంచుకొనెను. ఆ పిల్లవాడు చదువురాని వాడు కాడు, దురలవాటు గలవాడు కాడు. బిల్లు చదువుట యొక్కటే అతనికి ఎవ్వరును నేర్పలేదు. అందుకు అతనిని కన్నవారికంటె, పెంచి చదివించిన మన సంఘమే ఎక్కువ బాధ్యత వహింపవలయునని నా యభిప్రాయము.

కావున మొదటి సూత్ర మిది: బిల్లు మొత్తమును గడువులోపల పూర్తిగ చెల్లింపగలవాడే క్యాష్‌బ్యాకునకు అర్హుడు. ఈ కార్డులపై వడ్డీ పెక్కుచోట్ల నెలకు నూటికి 3.75 వరకు ఉన్నది, అనగా ఏటికి 45. ఈ వడ్డీ ఏటికి 30కి మించరాదని 2008లో జాతీయ వినియోగదారుల కమీషను ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీము కోర్టు కొట్టివేసెను. కనుక న్యాయస్థానము మనలను కాపాడునని కూర్చుండుట తగదు.

లెక్క వేసి చూతము. ఒక గృహస్థు నెలకు 20,000 రూపాయలు కార్డుపై వ్యయపరచెననుకొందము. అందు అంతర్జాలపు కొనుగోళ్లు 12,000. అంగడి కొనుగోళ్లు 8,000. మొదటివానిపై నూటికి 5, రెండవవానిపై నూటికి 1 కొసరైనచో, నెలకు 600, 80, వెరసి 680 రూపాయలు. ఏడాదికి 8,160. ఇది చిన్న సొమ్ము కాదు. ఆతడే ఒక్క నెల కనీసపు మొత్తము 1,000 మాత్రము కట్టి 19,000 నిలువ యుంచెననుకొనుడు. నెల వడ్డీ 712 రూపాయల 50 పైసలు; దానిపై నూటికి 18 చొప్పున పన్ను 128 రూపాయల 25 పైసలు; వెరసి 840 రూపాయల 75 పైసలు. ఆ నెల కొసరంతయు పోయి చేతిసొమ్మును పోవును. అంతటితో ముగియదు. పాత బాకీ నిలిచియున్నంతకాలము క్రొత్తగా కొన్నదానికి వడ్డీలేని గడువుండదు. కొన్ననాటినుండియే వడ్డీ పెరుగును.

రెండవది, కార్డును ఎన్నుకొను విధానము. పొరుగువాడు ఏ కార్డు తీసికొనెనని చూడకుడు. మీ యింటి చిఠ్ఠాను చూడుడు. గడచిన మూడు నెలల వ్యయమును పద్దులవారీగ వ్రాయుడు: కిరాణా, మందులు, విద్యుచ్ఛక్తి, పెట్రోలు, బట్టలు, ప్రయాణములు. పిదప ఆ పద్దులలో దేనిపై ఏ కార్డు ఎంత యిచ్చునో సరిచూడుడు. ఒక కార్డు ఏటి రుసుము లేక అన్నిటిపైనను నూటికి ఒకటిన్నర యిచ్చుననుకొందము. మరియొకటి 999 రూపాయల రుసుము, పన్నుతో 1,179 తీసికొని, అంతర్జాలపు కొనుగోళ్లపై 5, అంగడిలో 1 ఇచ్చును. అంగడిలో నెలకు 8,000 వ్యయపరచు కుటుంబమునకు ఏది మేలు? అంతర్జాలపు కొనుగోళ్లు ఏడాదికి 47,400 రూపాయలైనపుడు రెండును సమానమై 2,151 రూపాయలు మిగుల్చును. అనగా అంతర్జాలమున నెలకు నాలుగు వేలైనను కొననివానికి ఘనముగ కనబడు 5 కంటె రుసుము లేని ఒకటిన్నరయే మేలు.

కార్డు పత్రమునందు పెద్ద యక్షరములతో నున్నదానికంటె చిన్న యక్షరములతో నున్నదానిని శ్రద్ధగ చదువవలయును. ఇంటి అద్దె, పెట్రోలు, బంగారము, పన్నులు, భీమా, విద్యాలయ రుసుములు మొదలగువానిలో కొన్నిటిని పెక్కు కార్డులు కొసరు లెక్కనుండి తొలగించును. నెలకు ఇంతకుమించి ఇయ్యమను హద్దును ఉండును. హద్దు 1,000 రూపాయలైనచో, నూటికి 5 చొప్పున 20,000 రూపాయల కొనుగోలుతో అది తీరిపోవును. ఆపై వ్యయమునకు రెండవ కార్డు వాడుట యుక్తము. కొన్ని కార్డులు నగదునకు మారుగ పాయింట్లు ఇచ్చును. నూరు రూపాయలకు రెండు పాయింట్లనగానే మురియరాదు. పాయింటు విలువ 25 పైసలైనచో అది నూటికి అర్ధరూపాయి మాత్రమే. ఈ నిబంధనలును స్థిరములు కావు. 2022 సెప్టెంబరులో వెలువడిన ఎస్.బి.ఐ. వారి క్యాష్‌బ్యాకు కార్డు మొదట నెలకు 10,000 రూపాయలవరకు కొసరిచ్చెను. 2023 మే మొదలు ఆ హద్దు 5,000కు తగ్గెను. కావున ఏటేట నొకమారు లెక్క సరిచూచుకొనుట మంచిది. సాధారణ గృహస్థునకు రెండు కార్డులు చాలును. మూడవది చేరినచో గడువులు జ్ఞాపకముంచుకొనుట కష్టమగును.

మూడవది, వాడుక విధానము. బిల్లు 10వ తేదీన తయారై, చెల్లింపు గడువు 30వ తేదీయైన కార్డున్నదనుకొనుడు. జూన్ 9వ తేదీన కొన్నదానికి ఆ నెల 30వరకు, అనగా 21 దినముల గడువే లభించును. జూన్ 11న కొన్నదానికి జులై 30వరకు 49 దినములు లభించును. పెద్ద కొనుగోలు రెండు దినములు ఆగి చేసినచో దాదాపు నెల గడువు ఉచితముగ వచ్చును. బిల్లు మొత్తము గడువునాడు బ్యాంకు ఖాతానుండి దానంతట చెల్లునట్లు ఏర్పాటు చేసికొనుడు. ఆ యేర్పాటున ‘కనీసపు మొత్తము’ కాక ‘పూర్తి మొత్తము’ అని వ్రాయబడినదో లేదో కన్నులార చూచుకొనుడు. కార్డుతో నగదు తీయకుడు. తీసిననాటినుండియే వడ్డీయు, పైగా రుసుమును పడును. అంగడివాడు కార్డునకు నూటికి 2 అదనముగ అడిగినచో, నూటికి ఒక రూపాయి కొసరునకై రెండు రూపాయలు వదలుకొనుట అవివేకము. 2022 నుండి రూపే క్రెడిట్ కార్డును యు.పి.ఐ.తో జోడించి వాడుటయు సాధ్యమైనది. సౌకర్యమే గాని, నోటు చేతినుండి జారునప్పుడు కలుగు బాధ అందులేదు. చిఠ్ఠా వ్రాయువానికే అది క్షేమము. నూరు రూపాయల అక్కరలేని వస్తువును ఐదు రూపాయల కొసరునకై కొన్నవాడు ఐదు సంపాదింపలేదు, తొంబదియైదు పోగొట్టుకొనెను.

మన హక్కులనుగూడ ఎరిగియుండవలయును. 2022లో రిజర్వు బ్యాంకువారు చేసిన నియమములప్రకారము, కోరని కార్డును ఎవ్వరికిని అంటగట్టరాదు. బాకీ లేని కార్డును మూయుమని కోరినచో 7 పనిదినములలో మూయవలయును; ఆలస్యమైనచో దినమునకు 500 రూపాయలు కార్డుదారునకు బ్యాంకే చెల్లింపవలయును.

ఇక మనలో అంగళ్లు గల సోదరులను గూర్చి ఒక్కమాట. రూపే డెబిట్ కార్డుపైనను, బ్యాంకు ఖాతానుండి జరుగు యు.పి.ఐ. చెల్లింపుపైనను వర్తకుని రుసుము 2020 జనవరిలో తొలగింపబడెను. క్రెడిట్ కార్డుపై రుసుము కలదు. నూటికి ఐదారు రూపాయల లాభముతో కిరాణా నడుపువానికి అందు రెండు రూపాయలు పోవుట చిన్న విషయము కాదు. గొప్ప సంస్థల యంగళ్లలో కార్డు వాడుడు. వీధిమొగమున నున్న చిన్న వర్తకునకు, అతడు ఏ కులమువాడైనను, ఖాతానుండి నేరుగ చెల్లింపుడు. మనకు రూపాయి తగ్గును, అతనికి రెండు మిగులును.

తుదకు సభవారికి రెండు మనవులు. వసతిగృహమును విడచి యుద్యోగమునకు పోవు ప్రతి విద్యార్థికిని, ప్రతి విద్యార్థినికిని, ఒక్క పూటయైనను బిల్లు చదువుటయు వడ్డీ లెక్కించుటయు నేర్పవలయును. నేను చెప్పిన యువకుడు ఆ పాఠము తానే చెప్పుదునని ముందునకు వచ్చినాడు. అతడు అనుభవముతో చెప్పు మాట నా యుపన్యాసముకంటె బాగుగ నాటును. రెండవది, కార్డులను చక్కగ వాడి కొసరు పొందు గృహస్థులు, ఏడాదికొకమారు ఆ కొసరులో పదియవ వంతు విద్యార్థినిధికి సమర్పింపవలయును. నేను చూపిన లెక్కలో అది 816 రూపాయలు. ఎవరి జేబునుండియు అదనముగ పోవునది కాదు. అయినను నూరు కుటుంబములు కలసినచో 81,600 రూపాయలగును. ఈ రెంటిని మహాసభవారు తీర్మానరూపమున అంగీకరింతురుగాక యని ప్రార్థించుచున్నాను.