లెక్కలో చేర్చవలసిన తల్లులు

ఈ వారము ధ్యానమునకు 1 తిమోతి పత్రిక 5వ అధ్యాయము, 3 నుండి 16 వరకు గల వచనములను తీసికొందాము. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి పెట్టుకోండి. ప్రయాణములోను పనిలోను ఉన్నవారు మనసు పెట్టి వినండి.

ఈ భాగములో అపొస్తలుడైన పౌలు ఒక పట్టీని గురించి మాట్లాడుతున్నాడు. ఎఫెసు సంఘములో యౌవనుడైన తిమోతి కాపరిగా ఉన్నాడు. ఆ కాపరికి పౌలు ఇచ్చిన ఆజ్ఞలలో ఒకటి ఇది: భర్తను పోగొట్టుకొని, 60 ఏండ్లు నిండి, మంచి పనులు చేసినదని పేరు పొందిన తల్లిని లెక్కలో చేర్చుకో. గమనించండి. స్త్రీ, విధవరాలు, వయస్సు 60. లోకము ఎవరిని ముందుగా మరచిపోతుందో వారి పేరు సంఘము ముందుగా వ్రాసుకోవాలని పరిశుద్ధాత్ముడు చెప్పించాడు.

బైబిలులో జనసంఖ్య లెక్కలు చాలా ఉన్నవి. సంఖ్యాకాండము 1వ అధ్యాయములో మోషే లెక్కించినప్పుడు 6,03,550 మంది తేలారు. అయితే వారందరు 20 ఏండ్లు దాటి యుద్ధమునకు వెళ్లగలిగిన పురుషులు. అది సైన్యపు లెక్క. అందులో తల్లులు లేరు, చిన్న బిడ్డలు లేరు. లేవీయకాండము 27వ అధ్యాయములో ఇంకొక లెక్క ఉన్నది. మ్రొక్కుబడి చేసికొన్నవారికి వెల కట్టేటప్పుడు వయస్సు ప్రకారము నాలుగు వరుసలు, ప్రతి వరుసలోను స్త్రీకి పురుషునికి వేరు వేరు వెల. 20 నుండి 60 మధ్య పురుషునికి 50 తులముల వెండి, స్త్రీకి 30. అరువది దాటితే పురుషునికి 15, స్త్రీకి 10. బలము తగ్గితే వెల తగ్గింది. లోకపు లెక్క ఇప్పటికీ ఇంతే కదా! ఎంత పని చేయగలవో అంత విలువ. కాని క్రొత్త నిబంధన సంఘములో ఆ చివరి వరుసలోని తల్లి కోసమే ప్రత్యేకముగా ఒక పట్టీ తయారైనది. క్రీస్తు రక్తముచేత కొనబడినవారికి తులములతో వెల కట్టలేము.

ఇప్పుడు మన తెలుగు నేలను చూద్దాము. 1992-93లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వేకు వచ్చేసరికి అది ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కి తగ్గింది. తల్లిదండ్రుల స్థానములో అంతమంది బిడ్డలు నిలవాలంటే సుమారు 2.1 ఉండాలి. మరొక ప్రక్క ఆయుష్షు పెరిగినది. అందువలన క్రింద బిడ్డల వరుస సన్నబడుతున్నది, పైన పెద్దల వరుస వెడల్పవుతున్నది. 2011 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 60 ఏండ్లు దాటినవారు ఇంచుమించు పదిమందిలో ఒకరు. కేంద్ర ప్రభుత్వము నియమించిన నిపుణుల అంచనా ప్రకారము 2021లో నూటికి 12.4 మంది, అనగా ఎనిమిది మందిలో ఒకరు. 2031 నాటికి 16.4 మంది, అనగా ఆరుగురిలో ఒకరు. పెద్దల పాలు ఎక్కువగా ఉన్న పెద్ద రాష్ట్రాలలో కేరళ, తమిళనాడుల తరువాత వరుసలో మన రాష్ట్రమూ ఉన్నది.

దీనికి ఎవరినీ నిందించవద్దు. ఇద్దరు బిడ్డలు చాలునని చెప్పినది ప్రభుత్వమే. 1994లో పంచాయతీరాజ్ చట్టము ఇద్దరికి మించి బిడ్డలున్నవారు స్థానిక ఎన్నికలలో నిలువకూడదన్నది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభే ఆ నియమమును తీసివేసినది. చట్టమును ఒక్క రోజులో మార్చవచ్చు. కాని మన మధ్య ఇప్పటికే ముసలివారైన తల్లిదండ్రులు కొత్తగా పుట్టబోయే బిడ్డల కోసము ఇరువది ఏండ్లు కాచుకొని కూర్చోలేరు. వారికి ఈ వారమే అన్నము కావాలి, ఈ నెలే మందులు కావాలి.

ఈ పెద్దల వరుసలో ఎవరున్నారు? ఎక్కువగా తల్లులే. 2011లో దేశమంతటిలో 60 దాటిన స్త్రీలు సుమారు 5 కోట్ల 30 లక్షలు, పురుషులు సుమారు 5 కోట్ల 10 లక్షలు. తేడా తక్కువే కదా అంటారేమో. భర్తలను చూడండి. అరువది దాటిన పురుషులలో చాలామందికి భార్య తోడు ఉన్నది. అరువది దాటిన స్త్రీలలో ఇంచుమించు సగముమంది విధవరాండ్రు. కారణము కష్టమైన విషయమేమీ కాదు. స్త్రీ ఎక్కువ కాలము బ్రదుకుతుంది. పెండ్లినాటికే భర్త ఆమెకంటె కొన్ని ఏండ్లు పెద్దవాడు. ఈ రెండు కలిస్తే చివరి పది, పదిహేను ఏండ్లు ఆమె ఒంటరిగా గడపవలసి వస్తుంది. భర్త జబ్బు పడినప్పుడు ఆయనకు సేవ చేసినది ఆమె. ఆమె మంచమెక్కినప్పుడు నీళ్లు ఇచ్చేది ఎవరు? కొడుకు హైదరాబాదులోనో, గల్ఫులోనో, అమెరికాలోనో ఉన్నాడు. కూతురు అత్తగారింట ఉన్నది. ఊరిలో ఇల్లు ఉన్నది, ఫోను ఉన్నది, మనిషి లేడు.

ఇక ఉయ్యాల దగ్గరకు రండి. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేండ్ల లోపు మగపిల్లలు వెయ్యిమంది ఉంటే ఆడపిల్లలు 961 మంది. 2011లో 939 మంది. పదేండ్లలో 22 తగ్గారు. ప్రియులారా, ఇది ఎంత విచారకరము! ముసలితనములో సేవ చేస్తాడని కొడుకును కోరుకొని, ఆడపిల్ల వద్దనుకొన్న ఇండ్లున్నవి. కాని రూతు గ్రంథము 4వ అధ్యాయము చదవండి. ఇద్దరు కొడుకులను పోగొట్టుకొన్న నయోమిని చూచి బేత్లెహేము స్త్రీలు ఏమన్నారు? ఏడుగురు కుమారులకంటె ఈ కోడలే నీకు మేలు అన్నారు. ఆడబిడ్డను వద్దనుకొన్న ఇల్లు తన ముసలితనపు ఊతకర్రను తానే విరుచుకొన్నది.

ఇప్పుడు మరల పౌలు మాటకు వద్దాము. ఆయన బాధ్యతను వరుసగా పెట్టాడు. మొదట బిడ్డలు, మనుమలు. తల్లిదండ్రుల ఋణము తీర్చుట దేవుని యెదుట భక్తి అని 4వ వచనము. స్వంత ఇంటివారిని చూడనివాడు విశ్వాసము లేనివానికన్నా దిగజారినవాడని 8వ వచనము. మార్కు 7వ అధ్యాయములో ప్రభువు ఏమని గద్దించాడు? తల్లిదండ్రులకు ఇవ్వవలసినది దేవునికి అర్పితమైనదని చెప్పి తప్పించుకొన్న వారిని గద్దించాడు. కాబట్టి తల్లికి మందులు కొననివాడు పండుగకు పెద్ద కానుక ఇచ్చినా, దేవుని యెదుట ఆ లెక్క సరిపోదు. మన దేశపు చట్టము కూడ 2007 నుండి బిడ్డలమీద ఈ బాధ్యత పెట్టినది. పోషిస్తామన్న షరతుమీద ఆస్తి వ్రాయించుకొని తరువాత చూడకపోతే, ఆ వ్రాతను రద్దు చేయమని తల్లిదండ్రులు ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. ఆర్డీఓ కార్యాలయములో అడిగితే దారి చెబుతారు. పెద్దల సహాయమునకు 14567 అనే ఫోను నంబరు ఉన్నది. అయినా తల్లి కోర్టు మెట్లు ఎక్కక ముందే బిడ్డ ఆమె గుమ్మము ఎక్కుట మంచిది.

రెండవది సంఘము. నిజముగా దిక్కులేనివారిని సంఘము చూచుకోవాలని 16వ వచనము. ఇక్కడ మన సంఘములను ఒక మాట అడగాలి. ఆదివారము ఆరాధనకు ముందుగా వచ్చి చాపమీద కూర్చొనేది ఎవరు? తెల్లవారుజామున ప్రార్థన చేసేది ఎవరు? ఈ తల్లులే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వృద్ధులకు, విధవరాండ్రకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అది చేతికి రాగానే దశమభాగము విడిగా కొంగున కట్టి ఉంచే తల్లులు ఎందరో ఉన్నారు. మార్కు 12వ అధ్యాయములో రెండు కాసులు వేసిన విధవరాలిని గురించి మనము ఎన్నో ప్రసంగాలు చేశాము. దానికి ముందున్న 40వ వచనమును కూడ చదివామా? విధవరాండ్ర ఇండ్లను మింగివేస్తూ దీర్ఘ ప్రార్థనలు చేసేవారిని ప్రభువు అక్కడే ఖండించాడు. తల్లి కానుకకు రసీదు వ్రాసే పుస్తకము మన దగ్గర ఉన్నది. ఆమె రెండు వారములు రాకపోతే ఎందుకు రాలేదని వ్రాసే పుస్తకము ఉన్నదా?

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రు అనుదిన ఆహారములో విడిచిపెట్టబడ్డారు. అపొస్తలులు ఆ సణుగును కొట్టిపారవేయలేదు. ఆత్మతోను జ్ఞానముతోను నిండిన ఏడుగురిని ఆ పనికి ఏర్పరచారు. మీ సంఘములోను అలాగే చేయండి. ఒక నోటు పుస్తకము తీసికొని 60 దాటిన ప్రతివారి పేరు వ్రాయండి. వయస్సు ఎంత, ఇంటిలో ఎవరున్నారు, ఏ మందులు వాడుతున్నారు, బిడ్డ ఫోను నంబరు ఏమిటి, వారమునకొకసారి వెళ్లి చూచేది ఎవరు అని వ్రాయండి. యౌవనులకు ఇద్దరిద్దరికి కొన్ని ఇండ్లు అప్పగించండి. ఒంటరి తండ్రులను కూడ మరువకండి. భార్య పోయిన తరువాత పొయ్యి వెలిగించడము తెలియక బన్ను, టీతో రోజు గడిపేవారు ఉన్నారు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027లో జరుగునని ప్రకటించారు. ప్రభుత్వము తన లెక్క తాను చేస్తుంది. సంఘపు లెక్కకు ఎవరికోసమూ ఆగనక్కరలేదు.

చివరిగా ఒక మాట. ఈ పట్టీ జాలిపడి వ్రాసే పట్టీ కాదు. లూకా 2వ అధ్యాయములో ఆషేరు గోత్రపు అన్నను చూడండి. పెండ్లియైన ఏడేండ్లకే భర్తను పోగొట్టుకొన్నది. 84 ఏండ్ల విధవరాలిగా దేవాలయము విడువక ప్రార్థించినది. శిశువైన యేసును చూచి, విమోచనకొరకు ఎదురుచూచేవారందరితో ఆయనను గురించి మాట్లాడినది ఆమె. ఆమె ఏండ్లను, ఆమె గోత్రమును దేవుడు తన గ్రంథములో వ్రాయించాడు. వింటున్న తల్లీ, నీవు బ్రదికి ఉన్నావంటే ఇంకా నీకు పని ఉన్నదనే అర్థము. నీ మనుమలకు వాక్యము చెప్పు. తిమోతి విశ్వాసము మొదట అతని అవ్వయైన లోయిలో ఉండినదని మరువకు.

ప్రార్థించుకొందాము. సిలువమీద ఉండి నీ తల్లిని శిష్యునికి అప్పగించిన ప్రభువా, ఒంటరిగా ఉన్న మా తల్లులను తండ్రులను జ్ఞాపకము చేసికొనుము. దూరముననున్న బిడ్డల హృదయములను ఇంటివైపు త్రిప్పుము. మా సంఘములకు చూచే కన్నులను, నడిచే పాదములను దయచేయుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.