గోడలో గాలి, ఇంట్లో చల్లదనం

బళ్ళారి, రాయచూరు వైపు మన పెద్దల మట్టిమిద్దెలు ఎండాకాలంలోనూ చల్లగా ఉండేవి. ఇప్పటి సిమెంటు ఇళ్ళ గోడలు పగలంతా ఎండ తాగి, రాత్రి పసిపిల్లలనూ ముసలివాళ్ళనూ నిద్రపోనివ్వవు.

కొత్తగా ఇల్లు కట్టేవారికి ఒక మాట. ఇటుకను పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి కట్టించండి. 9 అంగుళాల గోడ నడుమ 3 అంగుళాల ఖాళీ మిగులుతుంది. అందులో చిక్కిన గాలి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. ఇటుకల్లో సుమారు 25 శాతం ఆదా. ఈ 'ర్యాట్ ట్రాప్' కట్టుబడికి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ పేరు తెచ్చారు.

అయితే ఇటుకలు ఒకే కొలతలో, బాగా కాలినవై ఉండాలి. అడుగు వరుస, మూలలు, తలుపు కిటికీల పక్కలు ఖాళీ లేకుండా కట్టాలి. మిద్దెపైన తెల్లసున్నం పూయించండి. ఎండ ఎక్కువగా దిగేది కప్పునుంచే. పునాది తీయకముందే మేస్త్రితో మాట్లాడండి.