నీళ్లలో నిలబెట్టినా దాహమేనా?

(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మట్టి లేకుండా నీళ్లలో కూరగాయలు పెంచడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను వ్యవసాయ శాస్త్రవేత్తను కాను. మేడ మీద రెండు తొట్లు పెట్టుకుని, ఒకసారి గట్టిగా దెబ్బతిని, ఆ దెబ్బతో కొంత నేర్చుకున్నవాణ్ణి. అందుచేత ఆ దెబ్బ సంగతితోనే మొదలుపెడతాను.

ఈ విద్య నిన్నమొన్నటిది కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గెరికీ అనే ఆచార్యుడు దీన్ని ప్రయోగశాల నుంచి పెరటిలోకి తెచ్చాడు. 1937లో దీనికి హైడ్రోపోనిక్స్ అనే పేరు వ్యాప్తిలోకి వచ్చింది. మన దేశంలో షోల్టో డగ్లస్ బెంగాల్ ప్రాంతంలో ప్రయోగాలు చేసి, 1951లో ఆ పద్ధతి మీద పుస్తకమే వెలువరించాడు. కాబట్టి ధైర్యంగా చేయవచ్చు. కానీ బెజవాడ ఎండల సంగతి మనమే చూసుకోవాలి!

నాది 40 లీటర్ల నల్ల ప్లాస్టిక్ తొట్టె. పైన కన్నాలు చేసిన థర్మకోల్ పలక, కన్నాల్లో జల్లెడ కుండీలు, వాటిలో కొబ్బరి పొట్టు, అందులో పాలకూర. కింద ఎరువు కలిపిన నీరు. చేపల తొట్టికి వాడే చిన్న గాలి మోటారు ఒకటి. చలికాలమంతా పాలకూర విరగకాసింది. ఇరుగుపొరుగుకు పంచి పెద్దరికం కూడా సంపాదించాను. మే నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం చూద్దును కదా, 24 మొక్కలూ తలలు వేలాడేశాయి. తొట్టె నిండా నీరుంది. మా ఆవిడ చూసి, "నీళ్లలో నిలబెట్టి కూడా దాహంతో చంపారేమిటండీ?" అంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు నెల పట్టింది.

జ్వరం చూసే థర్మామీటరు కాకుండా, మామూలు థర్మామీటరు తెచ్చి నీటిలో ముంచాను. 36 డిగ్రీలు చూపింది. ఇక్కడే ఉంది కిటుకు. వేరు నీటిని తాగాలంటే దానికి ఊపిరి ఆడాలి. నీటిలో కరిగిన ప్రాణవాయువే దాని ఊపిరి. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. 36 దగ్గర ఏడుకు లోపే. మరో పక్క, నీరు వేడెక్కేకొద్దీ వేరు ఇంకా ఎక్కువ ఊపిరి కోరుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం లాంటిదన్నమాట. మోటారు ఎంత తిరిగినా, వేడి నీరు తాను పట్టగలిగినంతకు మించి ప్రాణవాయువును పట్టుకోలేదు. ఊపిరాడని వేరుకు కుళ్లు తెగులు సోకుతుంది. తెల్లగా ఉండవలసిన వేళ్లు గోధుమరంగుకు తిరిగి, జారుడుగా తయారై, వాసన వేస్తాయి. మావి అలాగే పోయాయి.

మరి ఏం చేయాలి? నల్ల తొట్టెకు బయట తెల్ల సున్నమో, రంగో వేయించండి. వెలుతురు మాత్రం లోపలికి పోకూడదు. పోతే పాచి పడుతుంది. తొట్టెను పడమటి ఎండ తగలని చోటికి మార్చి, పైన సగం ఎండను ఆపే నీడవల కట్టండి. చుట్టూ తడి గోనెపట్టా చుట్టండి, మన కూజాకు గుడ్డ చుట్టినట్టే. నీరు ఎక్కువ పట్టే తొట్టె నిదానంగా వేడెక్కుతుంది కనుక మరీ చిన్నది కొనకండి. అత్యవసరానికి, లీటరు సీసాలో ముప్పాతిక వంతు నీరు పోసి, మూత బిగించి గడ్డకట్టించి, తొట్టెలో వేయండి. 40 లీటర్ల నీటిలో అలాంటి సీసా ఒకటి వేస్తే సుమారు రెండు డిగ్రీలు తగ్గుతుంది. అంతకంటే ఆశించకండి. ఇవన్నీ చేశాక మా తొట్టె 29 డిగ్రీల దగ్గర నిలిచింది. పాలకూర వేళ్లకు హాయి 18 నుంచి 24 వరకే. అందుకని వేసవిలో దాని జోలికి పోవడం మానేశాను. తోటకూర, బచ్చలి, తూటికూర వేడిని ఓర్చుకుంటాయి. ప్రకృతితో పంతం పెన్షనర్లకు తగదు.

ఇక రెండో సంగతి. మరో తొట్టెలో లేత ఆకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. ఇది ఇనుము లోపం. ఎరువులో ఇనుము ఉంది, మొక్కకు మాత్రం అందలేదు. విస్తరి నిండా వడ్డించి చేతులు కట్టేసినట్టు! కట్టేసింది పి.హెచ్.

పి.హెచ్. అంటే నీటి ఆమ్లగుణానికీ క్షారగుణానికీ కొలత. 1909లో సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఈ లెక్క ఏర్పరచాడు. 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు, రెండంకెలంటే నూరు రెట్లు అని మరవకండి. ఈ సేద్యానికి 5.5 నుంచి 6.5 వరకు మంచిది. 7 దాటితే ఇనుము, మాంగనీసు, భాస్వరం మొక్కకు సరిగా అందవు. మా బోరు నీరు 8.1 చూపింది.

సాయంత్రం ఆమ్లం కలిపి 6కు దించాను. తెల్లవారేసరికి మళ్లీ 7 దాటింది. మన బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. మీటరులో కనబడే అంకె చేతిలోని రొక్కం. బైకార్బొనేట్లు బ్యాంకులోని నిల్వ. నిల్వ తీరే దాకా రొక్కం వస్తూనే ఉంటుంది. ఆ సంగతి తెలియక నేను విసిగి రెండు చెంచాలు ఒక్కసారే పోశాను. అంకె 3.8కి పడింది, లేత వేళ్లు మాడాయి. కాబట్టి సగం బోరు నీరు, సగం వాన నీరు గానీ ఆర్.ఓ. నీరు గానీ కలపండి. నిల్వ సగానికి తగ్గుతుంది. ఆర్.ఓ. యంత్రం బయటకు వదిలేసే నీరు మాత్రం వద్దు. లవణాలన్నీ అందులోనే ఉంటాయి.

క్రమం చెబుతాను, రాసుకోండి. మొదట నీరు, తరువాత ఎరువు, చివరనే పి.హెచ్. ఎరువు కలిపితే అంకె మారుతుంది కనుక ముందే సరిచేయడం వృథా. ఎరువు రెండు సీసాలుగా వస్తే ఒకటి పూర్తిగా కలిసిన తరువాతే రెండోది పోయండి. చిక్కగా ఉన్నప్పుడు కలిపితే సున్నం అడుగున పేరుకుంటుంది. ఆమ్లాన్ని కొద్ది కొద్దిగా వేసి, కలియబెట్టి, అరగంట ఆగి చూడండి. మర్నాడు ఉదయం మళ్లీ చూడండి. నిమ్మరసం ఒకటి రెండు రోజులే పనిచేస్తుంది. సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. ఈ సేద్యం కోసమే అమ్మే ఆమ్లం వాడండి. బ్యాటరీ ఆమ్లం, మరుగుదొడ్లు కడిగే ఆమ్లం ససేమిరా వద్దు. ఆమ్లాన్నే నీటిలో పోయాలి గాని, నీటిని ఆమ్లంలో పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. సీసాను మనవలకు అందని చోట తాళం వేసి ఉంచండి.

మీటరును నెలకు రెండుసార్లయినా 4, 7 అంకెల ప్రమాణ ద్రావణాల్లో ముంచి సరిచూసుకోండి. దాని కొనను ఎండనివ్వకండి. మీటరు ఖరీదనుకుంటే రంగు మారే చుక్కల మందు చాలు.

మనలో చాలామందిమి రోజూ బి.పి., సుగరు చూసుకునేవాళ్లమే. అంకె చూడకుండా మాత్ర మింగం. ఒక్క అంకెకే కంగారుపడి రెండు మాత్రలూ మింగం. మొక్కకూ అదే న్యాయం. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి వేడి, పొద్దున్న పి.హెచ్. చూసి, పాత నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. ఉద్యోగంలో రిజిస్టర్లు రాసిన చేతులు మనవి, ఆ మాత్రం కష్టం కాదు. మొక్క వాడిపోయాక కారణం వెతకడం కంటే, ముందే పుస్తకంలో కనిపెట్టడం మేలు.

మళ్లీ చలికాలం వచ్చాక పాలకూర వేశాను. మొదటి కోత మా ఆవిడ చేతికిచ్చాను. వేళ్లు చూసి, "ఈసారి వీటికి దాహం తీరినట్టుంది" అంది. నాకు అంతకంటే పెద్ద సన్మానం అక్కర్లేదు. సందేహాలున్నవారు సమావేశం ముగిశాక అడగండి, తెలిసినంతలో చెబుతాను.