సేవలున్నాయి, కూర్చేవారే కావాలి
(కీసరలో జరిగిన పింఛనుదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కరువు భత్యం గురించి, బకాయిల గురించి ఎంతో మాట్లాడుకుంటాం. ఈ రోజు సమావేశానికి రాలేని వారి గురించి, అంటే మంచం దిగలేని మన పెద్దల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఒక ఇల్లు ఊహించుకోండి. ఆయనకు 82 ఏళ్ళు, పక్షవాతం. ఆమెకు 76, మోకాళ్ళ నొప్పులు. పిల్లలు విదేశాల్లో ఉన్నారు. డాక్టరు సికింద్రాబాదులో, ఫిజియోథెరపీ ఇ.సి.ఐ.ఎల్. దగ్గర, బ్యాంకు మరోచోట. ఇద్దరు డాక్టర్లు వేర్వేరు పేర్లతో ఒకే మందు రాసినా గమనించే నాథుడు లేడు. భారమంతా ఆ ఇల్లాలిదే. ఆవిడ జారిపడిననాడు ఆ ఇంట్లో ఇద్దరు రోగులు!

సౌకర్యాలు బొత్తిగా లేవని కాదు. 14567కు ఫోను చేస్తే వృద్ధులకు సలహా, సహాయం దొరుకుతాయి. 70 ఏళ్ళు నిండినవారికి 2024లో వయ వందన కార్డు వచ్చింది. అది ఆసుపత్రి ఖర్చుకే గాని ఇంట్లో ఆయా జీతానికి పనికిరాదు. పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి చట్టం ప్రకారం ఆర్.డి.ఓ. స్థాయి అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. కదలలేని వారి తరఫున, వారి అనుమతితో, రిజిస్టరైన సంఘం కూడా దరఖాస్తు పెట్టవచ్చునని ఆ చట్టమే చెబుతోంది. ఇన్ని ఉన్నా ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. వీటిని ఒకచోట కూర్చే మనిషి లేకపోవడమే అసలు లోటు.

జపానులో 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాలిక సంరక్షణ బీమా ప్రారంభించినప్పుడు ఆ మనిషికి ఒక ఉద్యోగమే కల్పించారు. వృద్ధునితో, కుటుంబంతో మాట్లాడి, ఏ సేవ ఏ రోజు రావాలో ఆయనే ప్రణాళిక వేస్తారు. కేరళలో స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలు, నర్సులు మంచానపడ్డవారి ఇళ్ళకే వెళ్తున్నారు. 2008లో ఆ ప్రభుత్వం దీనిని తన విధానంగా ప్రకటించింది.

మనం ప్రభుత్వం కాదు. అయినా మూడు పనులు చేయగలం.

ఒకటి: ఇల్లు కదలలేని సభ్యుల జాబితాను కాలనీలవారీగా తయారు చేద్దాం. వారానికోసారి ఫోను, నెలకోసారి పలకరింపు తప్పనిసరి.

రెండు: ప్రతి ఇంట్లో ఒక నోటుపుస్తకం ఉండాలి. మందులు, డాక్టర్ల ఫోన్లు, పింఛను నంబరు, పిల్లల చిరునామాలు అందులో రాయాలి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా అది వెంట ఉండాలి.

మూడు: కుటుంబ సమ్మతితో ఒక్కో ఇంటికి ఒక్కో బాధ్యుణ్ణి నియమిద్దాం. డాక్టరుతో, ఆయాతో, దూరాన ఉన్న పిల్లలతో మాట్లాడేది ఆయనే. వారానికొక పూట ఆ ఇల్లాలికి విశ్రాంతి దొరికే ఏర్పాటు కూడా ఆయనే చూడాలి. అయితే డబ్బు, ఏ.టి.ఎం. కార్డు, చెక్కుబుక్కు మాత్రం ముట్టకూడదు. ఈ నియమం తప్పితే నమ్మకం పోతుంది, పని చెడుతుంది.

ఈ రోజు నడవగలిగిన మనం రేపు ఆ జాబితాలో చేరేవారమే. కనుక సభ ముగిసేలోగా ఒక్కొక్కరు ఒక ఇంటి బాధ్యత స్వీకరించి పేరు రాయించవలసిందిగా కోరుతున్నాను.