ముక్కలోని మొక్క



మామిడికి అంటు కట్టు తోటమాలి రెండు కొమ్మలను చెక్కి, ఆ కోతలు ఒకదానికొకటి ఆనునట్లు బిగించి కట్టును. కొన్ని వారములలో గాయపు అంచులనుండి మెత్తని కణములు పొంగివచ్చి నడిమి సందును పూడ్చును. గాయము మాన్పుకొనుటకు చెట్టు పుట్టించుకొను ఈ కణముల ముద్దకే శాస్త్రజ్ఞులు 'కాలస్' అని పేరిడినారు. లాటిను భాషలో ఆ మాటకు గట్టిపడిన చర్మమని అర్థము. పలుగు పట్టిన అరచేతిలో 'కాయ' కాచినదని తెలుగువారు అనునట్టిదే.

చెట్టునుండి విడదీసిన కణము తనంతట బ్రతికి పెరుగగలదా? 1902లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు హాబర్లాండ్ట్ ఈ ప్రశ్నకు పూనుకొని, ఆకుల కణములను పోషకద్రవములో ఉంచి చూచినారు. అవి బ్రతికినవి, లావెక్కినవి. కాని ఒక్కటియు రెండుగా చీలలేదు. ఆయన ఆ ఓటమిని దాచలేదు. ఉన్నదున్నట్లు ప్రకటించి, ఏనాటికైనను ఇట్టి కణములనుండి పిండములను పెంచగలరను తన నమ్మకమును గూడ వ్రాసియుంచినారు.

1939లో ఫ్రాన్సున గోత్రే, నోబెకూర్, అమెరికాలో వైట్ వేరువేరుగా ఇట్టి కణజాలమును ఎడతెగక పెంచగలిగినారు. పద్ధతి వినుటకు సులభము. క్యారట్ దుంపలోని చిన్న ముక్కను తీసి, లవణములు, చక్కెర, విటమినులు, ఆక్సిన్ అను హార్మోను కలిపి, సముద్రపు నాచునుండి వచ్చు అగార్‌తో గడ్డకట్టించిన ఆహారముపై ఉంచవలెను. ఆచరణయే కష్టము. చక్కెర ఉన్నచోట బూజు కాచుకొని యుండును. అందుచే పాత్రలను, ఆహారమును ఒత్తిడిగల ఆవిరిలో 121 డిగ్రీల వేడిమిన సుమారు 15 నిమిషములు ఉంచవలెను. ఆపైన మూడు నాలుగు వారములకొకసారి ముద్దను కొత్త ఆహారముపైకి మార్చవలెను.

ముద్దనుండి కోరినట్లు మొక్కను రాబట్టు కీలకమును 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు కాలస్‌పై చూపినారు. ఆక్సిన్ పాలు హెచ్చిన వేళ్ళు, సైటోకైనిన్ పాలు హెచ్చిన చిగుళ్ళు; రెండును సరితూగిన ముద్ద ముద్దగానే పెరుగును. 1958లో స్టివార్డ్ బృందము కొబ్బరినీళ్ళు కలిపిన ఆహారములో క్యారట్ కణములను పెంచి, వానినుండి మొక్కలను లేపినది. హాబర్లాండ్ట్ మాట నిజమైనది. కాని ఆయన 1945లోనే కన్నుమూసినారు.

రాజధాని ఢిల్లీకిని ఈ కథలో భాగము కలదు. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయమున శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త జాతి మొక్క పరాగకోశములను పెంచుచు, వానినుండి పిండములు వెలువడుట కనుగొనినారు. అవి పుప్పొడినుండియే పుట్టినవని 1966లో తేల్చినారు. సగము క్రోమోజోములే గల ఇట్టి మొక్కలవలన పైరులలో శుద్ధమైన వంగడములను శీఘ్రముగా రూపొందించు వీలు కలిగినది.

ఈనాడు రైతులు నాటు టిష్యూ కల్చర్ అరటి మొక్కలు మాత్రము సాధారణముగా కాలస్‌నుండి గాక, పిలక కొననుండి పెంచబడును. కాలస్‌నుండి లేచినవి కొన్ని తల్లిమొక్కను పోలకపోవుటయే కారణము. కొత్త గుణములను వెదకువారికి ఆ భేదమే లాభము. నికరమైన గెలను కోరు రైతునకు అదియే నష్టము.

హాబర్లాండ్ట్ తన విఫలప్రయత్నమును దాచియుండినచో, తరువాతివారు ఎచ్చట మొదలిడవలెనో తెలియక తడుముకొనవలసి వచ్చెడిది. నెరవేరని పనికి సంబంధించిన కాగితమును గూడ దస్త్రములో జాగ్రత్తపరచు ఉద్యోగులకు దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.