నర్సింగ్‌కు ముందు కమ్యూనిటీ కాలేజీ

అమెరికాలో నర్సు కావాలంటే నేరుగా నర్సింగ్‌లో చేరిపోవచ్చా? సాధారణంగా కుదరదు. ముందు కొన్ని సైన్సు కోర్సులు పూర్తి చేయాలి. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ. అందుకు చాలామంది పట్టే దారి కమ్యూనిటీ కాలేజీ.

అక్కడ స్థానికులకు ఫీజు యూనివర్సిటీ కంటే బాగా తక్కువ. సాయంత్రం క్లాసులూ ఉంటాయి. అప్పుడే హైస్కూలు దాటిన కుర్రాడి పక్కన, డల్లాస్‌లో స్థిరపడి, పిల్లలు బడికెళ్లాక మళ్లీ పుస్తకం పట్టిన మన తెలుగు ఇల్లాలు కూడా ఉండొచ్చు.

తేలికని మాత్రం అనుకోకండి. అనాటమీ ల్యాబులో బల్ల మీద ఎముకలు పరిచి ఉంటాయి. ఎముక పేరు చెబితే చాలదు. అది కుడిదో ఎడమదో చెప్పాలి. దాని మీద గుంటల పేర్లు, గట్ల పేర్లు చెప్పాలి. బైపీసీ చదివినవాళ్లకూ చెమటలు పడతాయి! ఇక్కడ మార్కులు తగ్గితే నర్సింగ్ సీటు కష్టమే.

చాలా కమ్యూనిటీ కాలేజీల్లో రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ కూడా ఉంది. నర్సింగ్ విద్యావేత్త మిల్డ్రెడ్ మోంటాగ్ ఆలోచనతో ఇది 1952లో ప్రయోగంగా మొదలైంది. రెండేళ్లు చదివినా, నాలుగేళ్లు చదివినా రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు పరీక్ష ఒక్కటే. మళ్లీ చెబుతున్నాను, పరీక్ష ఒక్కటే. కాకపోతే కొన్ని ఆసుపత్రులు నాలుగేళ్ల డిగ్రీకే మొగ్గు చూపుతాయి.

కాలేజీ కాలేజీకీ షరతులు మారతాయి. ఎప్పుడో చదివిన సైన్సు కోర్సులు చెల్లవనే చోట్లూ ఉన్నాయి. అందుకే ఫీజు కట్టకముందే, మీరు చేరాలనుకునే నర్సింగ్ కాలేజీ అడిగే కోర్సుల జాబితా తెచ్చుకోండి. కౌన్సెలర్ ముందు పెట్టి ఒక్కొక్కటీ సరిచూసుకోండి. ఆన్‌లైన్ ల్యాబు ఒప్పుకుంటారా అన్నది కూడా అప్పుడే అడిగేయండి.